పసివాళ్లతో చవితి పత్రి: రాఖీ పౌర్ణమి నుంచి నిమజ్జనం దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

చవితి ముందురోజు సాయంత్రం బజారులో కట్ట కట్టి అమ్మే పత్రిలో ఇరవై ఒక్క రకాలు ఉండటం అరుదు. మామిడి, మారేడు, రావి, నాలుగు గరిక పోచలు, పేరు తెలియని పొద కొమ్మ ఒకటి. ఇంతే. మర్నాడు పూజలో ‘బృహతీ పత్రం పూజయామి’ అనగానే చేతికి తగిలిన ఆకు వేసేసి ముందుకు వెళ్లిపోతాం. ఆకూ చూడం, పేరూ వినం.

ఇంట్లో మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలుంటే దీన్ని సరిచేసుకోవడం తేలిక. ఆ వయసు పిల్లలు ఆకును ఊరికే వదలరు. తిప్పి చూస్తారు, వాసన చూస్తారు, చింపుతారు, దాని కింద పురుగు కనిపిస్తే అక్కడే చతికిలబడతారు. వాళ్లను తొందరపెట్టకుండా పక్కన కూర్చోగలిగితే చాలు, ఏళ్ల తరబడి నోటికొచ్చినట్టు చదివేస్తున్న పూజ పెద్దవాళ్లకు మళ్లీ కొత్తగా కనిపిస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏమేం కావాలి

రాఖీ పౌర్ణమినాడు మొదలుపెట్టండి. అక్కడి నుంచి చవితికి సుమారు రెండున్నర వారాలు ఉంటుంది. 2026లో చవితి సెప్టెంబరు 14న వస్తుంది కాబట్టి ఆగస్టు చివరి వారం సరైన సమయం. వానలు పడి ఉంటాయి, ఖాళీ స్థలాల్లో ఉత్తరేణి, విష్ణుక్రాంత, గరిక పచ్చగా ఉంటాయి. ఇదే పని చవితికి రెండు రోజుల ముందు పెట్టుకుంటే హడావిడి మొదలవుతుంది. హడావిడిలో పిల్లలు ఏడుస్తారు, మనం అరుస్తాం.

వెంట తీసుకెళ్లాల్సినవి కొన్నే: ఒక గుడ్డ సంచి, పాత వార్తాపత్రిక, నీళ్ల సీసా, చిన్న సబ్బుబిళ్ల, మీ చేతిలో మాత్రమే ఉండాల్సిన కత్తెర, ఒక పొడవాటి కర్ర. భూతద్దం ఉంటే 5 రెట్లు చూపించేది సరిపోతుంది. దాన్ని ఆకుకు దగ్గరగా, కంటికి దూరంగా పట్టుకుంటే పిల్లలకు ఏమీ కనబడదు, విసుగొచ్చి పారేస్తారు. అద్దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకోమని, ఆకునే మెల్లగా ముఖం దగ్గరికి తెమ్మని చెప్పండి. ఒకచోట ఆకు ఒక్కసారిగా స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు ‘ఆఁ!’ అనే చోటు అదే. భూతద్దంతో సూర్యుడిని చూడకూడదన్న నియమం మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

కాళ్లకు మూసి ఉండే బూట్లు వేయండి. వానాకాలం పొదల్లో పాములుంటాయి. పొదలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టడం మీ పని, పిల్లల పని కాదు.

మొదటి నడక

ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్య బయల్దేరండి. ఎండెక్కితే విష్ణుక్రాంత చిన్న నీలి పూలు ముడుచుకుపోతాయి. మొత్తం నడక ముప్పావుగంట దాటకూడదు. దూరం గురించి ఆలోచించొద్దు. నాలుగేళ్ల పాప ముప్పావుగంటలో వీధి చివరిదాకా కూడా రాకపోవచ్చు, అదేం తప్పు కాదు.

మొదటి రోజు ఏ ఆకూ కోయకండి, పేర్లూ చెప్పకండి. పేరు వినగానే పిల్లలు ఆ మొక్క పని అయిపోయిందనుకుని పక్కదానికి పరుగెడతారు. ‘దీని వెనక వైపు ఎలా ఉంది?’, ‘ఇది నలిపితే వాసనొస్తుందా?’ అని అడిగి వదిలేయండి. వాళ్లే ఒక పేరు పెట్టుకుంటారు: గీరే ఆకు, తోక ఆకు, బూడిదాకు. ఆ పేర్లను ఉంచనివ్వండి. రెండో నడకలో అసలు పేరు పక్కన చేర్చితే రెండూ గుర్తుంటాయి.

అమ్మమ్మో, తాతయ్యో వెంట వస్తే ఇంకా మంచిది. ఊళ్లో పెరిగినవాళ్లకు మొక్క కనబడగానే పేరుతోపాటు దాని వాడుక కూడా నోటికొస్తుంది. ఒక్క జాగ్రత్త: ఒకే పేరు ప్రాంతాన్నిబట్టి వేర్వేరు మొక్కలకు ఉంటుంది. పేరు కలిసింది కదా అని నోట్లో పెట్టుకునే పని ఎవరూ చేయకూడదు.

ఐదు ఆకులు, దగ్గరగా

ఇరవై ఒకటీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి వారం ఐదు చాలు. కిందివి ఎంచుకోవడానికి కారణం, ఇవి ఊళ్లోనూ పట్నంలోనూ దొరుకుతాయి, ప్రతిదాంట్లోనూ పిల్లలు తమంతట తాము కనిపెట్టదగ్గ గుట్టు ఒకటుంది.

మారేడు. మూడు రేకులు ఒకే తొడిమకు ఉంటాయని అందరికీ తెలుసు. పక్క రేకులు రెండూ తొడిమకు దాదాపు అతుక్కుని ఉంటాయి, మధ్య రేకుకు మాత్రం సొంతంగా పొడుగు కాడ ఉంటుంది. పిల్లలు దీన్ని చూపించకుండానే పట్టుకుంటారు. తర్వాత ఆకును వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకోమనండి. సూదితో గుచ్చినట్టు సన్నని వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. ఆకు నలిపితే వచ్చే ఘాటైన వాసన వాటిదే. నిమ్మ, కరివేపాకు కూడా ఇదే కుటుంబం కాబట్టి ఇంటికొచ్చాక వాటిని కూడా వెలుతురుకు పట్టి చూడమనండి. మారేడు కొమ్మకు పొడవాటి ముళ్లుంటాయి, కొమ్మ మీరే వంచి పట్టుకోవాలి.

రావి. ఆకు కొసన పొడవాటి తోక ఉంటుంది. వాన పడ్డాక వెళితే ఆకు మీది నీళ్లు ఆ తోక వెంట జారి చుక్కచుక్కగా పడటం కనిపిస్తుంది. వాన లేకపోతే సీసాలో నీళ్లు ఆకు మీద పోసి చూపించండి. మిగతా చెట్లు కదలకుండా నిలబడ్డప్పుడు కూడా రావి ఆకులు గలగలలాడతాయి. కాడ పొడుగు, సన్నం, అందుకని ఏ కాస్త గాలికైనా ఊగుతాయి. ముదురాకు నాలుగు ఇంటికి తెచ్చి మూత ఉన్న డబ్బాలో నీళ్లు పోసి నానబెట్టండి. మూడు నాలుగు వారాల్లో పచ్చదనం కుళ్లిపోతుంది. వాసన భరించలేనట్టుంటుంది, బాల్కనీలో పెట్టండి. తర్వాత పళ్లెంలో నీళ్లు పోసి మెత్తని పాత టూత్‌బ్రష్‌తో తట్టినట్టు కడిగితే ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. లేతాకు తెస్తే ఈనెలతో సహా చిరిగిపోతుంది. నీళ్లలోంచి పైకి లాగి కడిగినా చిరుగుతుంది.

రేగు. పై వైపు నిగనిగలాడే పచ్చదనం, కింద తెల్లటి నూగు. ఆకు మొదలు నుంచే మూడు ఈనెలు విడివడతాయి. ముళ్లు జంటగా ఉంటాయి: ఒకటి తిన్నగా, రెండోది కొక్కెంలా వెనక్కి వంగి. చొక్కా రేగుకంపకు తగులుకుంటే లాగేకొద్దీ బిగుసుకోవడానికి కారణం ఆ వంకర ముల్లు. ముందుకు వచ్చిన దారినే వెనక్కి జరిగితే వదులుతుంది.

ఉత్తరేణి. వెన్ను మీద కాయలన్నీ కిందికి వాలి, కాడకు అంటుకుని ఉంటాయి. పైనుంచి కిందికి వేలితో నిమిరితే నున్నగా జారుతుంది, కిందినుంచి పైకి నిమిరితే గుచ్చుకుంటుంది. పిల్లలకు చెప్పకుండా రెండు వైపులా నిమరమనండి. నడక అయ్యాక లాగుకు, సాక్సులకు ఎన్ని గింజలు అంటుకున్నాయో ఇంటి ముందు కూర్చుని ఏరించండి. ఆ గింజల్ని కుండీలో వేస్తే తామే మోసుకొచ్చి నాటిన మొక్క మొలుస్తుంది.

జిల్లేడు. ఈ ఒక్కదాన్ని చూడటం మీ సమక్షంలోనే జరగాలి. తుంచితే వచ్చే పాలు కంట్లో పడితే ప్రమాదం. అయినా దీన్ని వదిలిపెట్టొద్దు. ఆకుల అడుగున గుండుసూది తలంత తెల్లటి గుడ్డు ఒంటరిగా కనిపించవచ్చు, లేదా నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు ఉండవచ్చు. రెండూ నారింజరంగు సీతాకోకచిలుకవే. ఆ పురుగు జిల్లేడు ఆకు తిని, అందులోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. అందుకే పక్షులు దాని జోలికి రావు. గుడ్డు నుంచి సీతాకోకచిలుక దాకా సుమారు మూడు వారాలు పడుతుంది. రాఖీ పౌర్ణమి రోజుల్లో గుడ్డు కనబడితే చవితికి అటూ ఇటూగా రెక్కలొస్తాయి. పురుగును ఇంటికి తేవొద్దు, రెండు రోజులకోసారి ఆ మొక్క దగ్గరికే వెళ్లండి. సీసాలో పెట్టి పెంచితే తాజా ఆకు అందకో, తేమ ఎక్కువై బూజు పట్టో చచ్చిపోతుంది.

విషం ఉన్నవాటి గురించి దాపరికం వద్దు

పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ విషమే. శివుడి కుటుంబానికి ఇవి ఇష్టమని మన పెద్దలు పూజలో చేర్చారు. అందుకని వాటిని తీసేయనక్కర్లేదు, పిల్లల చేతికి ఇవ్వకపోతే సరిపోతుంది. ఉమ్మెత్తలో ప్రతి భాగమూ విషమే, గింజలు మరీ. గన్నేరు ఆకు ఒక్కటి నమిలినా పసివాళ్లకు గుండె మీద ప్రభావం పడవచ్చు. ఈ మూడింటినీ వేరే సంచిలో పెట్టండి, ఐదేళ్ల లోపు పిల్లలు ఉంటే పూజలో కూడా పెద్దవాళ్లే వేయండి. ‘ఇవి దేవుడికి పెద్దవాళ్లు ఇచ్చే ఆకులు’ అంటే పిల్లలు సులువుగా ఒప్పుకుంటారు.

వీటికంటే ప్రమాదకరమైనది గురివింద గింజ. మట్టి వినాయకుడి కళ్లకు దాన్ని వాడే అలవాటు ఇంకా ఉంది. ఎర్రగా, నల్ల మచ్చతో ముచ్చటగా ఉంటుంది కాబట్టి పిల్లలు తప్పకుండా నోట్లో పెట్టుకుంటారు. పెంకు పగిలిన గింజ కడుపులోకి వెళితే ప్రాణాంతకం. కళ్లకు మిరియాలు వాడండి.

ఏదైనా నమిలారని అనుమానం వస్తే నోరు కడిగించి, ఆ మొక్క కొమ్మ సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి లేదా 108కి ఫోన్ చేయండి. బలవంతంగా వాంతి చేయించొద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే శుభ్రమైన నీటితో 15 నిమిషాలు ధారగా కడిగి కంటి వైద్యుడికి చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. ఆ పాలు పడ్డప్పుడు మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. అమెరికాలో, ముఖ్యంగా తూర్పు రాష్ట్రాల్లో, ‘పాయిజన్ ఐవీ’ అనే మొక్కకు కూడా ఆకులు మూడు రేకులుగానే ఉంటాయి. మారేడులా ఉందని పిల్లలు కోస్తే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అక్కడ తెలిసిన మొక్కలకే పరిమితం కండి: పచ్చిక బయళ్లలో దొరికే గరిక, కుండీలో తులసి, మరువం, దొరికితే దానిమ్మ. ఇక్కడినుంచి పచ్చి ఆకులు విమానంలో తీసుకెళ్తే కస్టమ్స్ వాళ్లు తీసుకుంటారు.

కోసేటప్పుడు

చవితి ముందురోజు ఉదయం కోయండి. సాయంత్రం దాటాక ఆకు తెంచకూడదన్న ఇంటి ఆచారం ఉంటే అది పిల్లలకు తప్పక చెప్పండి. చెట్టు నిద్రపోతుందనే మాట వాళ్లు చాలా గంభీరంగా తీసుకుంటారు. కోసేముందు చెట్టుకు చెప్పి కోయడం కూడా నేర్పండి: ‘వినాయకుడి కోసం రెండాకులు తీసుకుంటున్నాను’ అని పైకి అనడం. భక్తి అనే మాటకు అర్థం తెలియని వయసులో ఈ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది. అనుమతి అడిగిన పిల్లవాడు కొమ్మ విరవడు.

ఒక్కో మొక్క నుంచి రెండు మూడు ఆకులకు మించి వద్దు. చిన్న మొక్కను వేర్లతో పీకొద్దు. పురుగు, గుడ్డు, గూడు ఉన్న కొమ్మను వదిలేయండి. తెచ్చినవాటిని తడి గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే లోపల చెమ్మపట్టి తెల్లారేసరికి నల్లబడతాయి.

ఇరవై ఒకటీ దొరకవు. దేవదారు హిమాలయాల చెట్టు, మన మైదానాల్లో పెరగదు. గండకీ పత్రం ఏదన్న విషయంలో ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్క చూపిస్తారు. పదిహేను దొరికితే ఘనంగా దొరికినట్టే. దొరకని వాటికి అక్షతలు వేయండి. పేరు తెలియని ఆకు పట్టుకుని ఇదే దేవదారు అని పిల్లలకు చెప్పకండి. లేదని చెబితే దాన్ని వెతకాలన్న కోరిక మిగులుతుంది.

మట్టి వినాయకుడు

చవితికి వారం ముందు చేయాలి. వానాకాలంలో నీడన ఆరడానికి ఐదారు రోజులు పడుతుంది. చెరువు బంకమట్టి అయితే దంచి, జల్లించి, కిలో పొడిమట్టికి సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు చల్లి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న చపాతీ పిండిలా మర్దించాలి. వేలంత లావున తీగలా చేసి వేలికి చుట్టి చూడండి. పగుళ్లిస్తే నీళ్లు చాలలేదు, అరచేతికి అంటుకుంటే ఎక్కువయ్యాయి.

ఒక్కో పిల్లకు అరకిలో మట్టి ముద్ద ఇవ్వండి. దాన్ని ముందే ఉండలుగా విడదీసి వరసగా పెడితే నాలుగేళ్ల వాళ్లు కూడా కూర్చగలరు: పీటకు 100 గ్రాములు, బొజ్జకు 150, తలకు 80, రెండు కాళ్లకు 60, రెండు చేతులకు 40, తొండానికి 25, చెవులకు 20, కిరీటానికి 25. నాలుగు చేతులు కావాలంటే అదనంగా ఇంకో 40 తీసుకోండి.

విరిగేది ఎప్పుడూ తొండమే. సన్నగా ఉంటుంది కాబట్టి బొజ్జ కంటే ముందు ఆరిపోయి, కుంచించుకుని, అతుకు దగ్గర ఊడుతుంది. తొండాన్ని గాల్లో వేలాడనివ్వకుండా బొజ్జ మీద ఆనించి ఎడమవైపు తిప్పండి. ప్రతి అతుకు దగ్గరా రెండు వైపులా టూత్‌పిక్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, పలుచని మట్టినీళ్లు రాసి నొక్కాలి. నున్నటి ముద్ద మీద నున్నటి ముద్ద పెడితే ఎంత నొక్కినా ఆరాక విడిపోతుంది. మెడలో కొబ్బరి ఈనె గుచ్చేవాళ్లు పొట్టిగా, సన్నగా ఉన్నది వాడండి. మట్టి ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, ఈనె కుంచించుకోదు, లావుది పెడితే దాని చుట్టూ మెడ పగులుతుంది. మొదటి రోజు పైన పల్చటి గుడ్డ కప్పి ఉంచండి, ఎండలో పెట్టకండి.

వంకరగా వచ్చిన వినాయకుడిని మీరు సరిచేయొద్దు. ఇది పెద్దవాళ్లకు చాలా కష్టం. ఒక చెవి పెద్దదిగా, కళ్లు నుదుటి మీద ఉన్నా సరే, దాన్నే పీట మీద పెట్టండి. పిల్లలు పడుకున్నాక చెవి సరిచేసిన వినాయకుడు వాళ్ల వినాయకుడు కాడు. పొద్దున్నే గుర్తుపడతారు.

పూజ రోజు

పూర్తి వ్రతకల్పం, కథ కలిపి గంటన్నర పడుతుంది. మూడేళ్ల పిల్లలు పావుగంట, ఆరేళ్ల వాళ్లు అరగంట కూర్చుంటే గొప్ప. అందుకని పూజను తగ్గించొద్దు, పిల్లల పాత్రను పత్రి పూజ దగ్గర పెట్టండి. అంతకుముందు వాళ్లు వంటింట్లో ఉండ్రాళ్లు చేస్తూ ఉండొచ్చు. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు, చెంచా నెయ్యి. ఉడికాక చెయ్యి పట్టేంత చల్లారనిచ్చి వాళ్ల ముందు పెట్టండి. అరచేతికి నెయ్యి రాస్తే అంటుకోదు.

ఆకుల్ని పూజకు ముందే పళ్లెంలో వరసగా పేర్చి పెట్టుకోవాలి, లేకపోతే మంత్రం ఆగి వెతుకులాట మొదలవుతుంది. వరస ఇది: సుముఖుడికి మాచిపత్రి, గణాధిపుడికి వాకుడు (బృహతి), ఉమాపుత్రుడికి మారేడు, గజాననుడికి జంట గరిక, హరసూనుడికి ఉమ్మెత్త, లంబోదరుడికి రేగు, గుహాగ్రజుడికి ఉత్తరేణి, గజకర్ణుడికి తులసి, ఏకదంతుడికి మామిడి, వికటుడికి గన్నేరు, భిన్నదంతుడికి విష్ణుక్రాంత, వటువుకు దానిమ్మ, సర్వేశ్వరుడికి దేవదారు, ఫాలచంద్రుడికి మరువం, హేరంబుడికి వావిలి, శూర్పకర్ణుడికి జాజి, సురాగ్రజుడికి గండకి, ఇభవక్త్రుడికి జమ్మి, వినాయకుడికి రావి, సురసేవితుడికి మద్ది, కపిలుడికి జిల్లేడు.

చదివేవారు ప్రతి పేరు దగ్గరా ఒక్క క్షణం ఆగాలి. గుహాగ్రజుడంటే కుమారస్వామికి అన్న అని చెప్పి, ఉత్తరేణి చేతికిస్తే ఆ పాప దాన్ని పైనుంచి కిందికి నిమిరి వేస్తుంది. శూర్పకర్ణుడంటే చేటంత చెవులవాడని చెబితే తను చేసిన పెద్ద చెవి వైపు చూస్తుంది. ఇంతకుమించి వివరించొద్దు. ఔషధ గుణాల జాబితా అప్పగించడం మొదలుపెట్టారంటే పిల్లలు లేచిపోతారు. దండం పెట్టమని వెనక నుంచి తల వంచడం కూడా వద్దు. మీరు పెట్టండి, చాలు.

తల నరకడం వచ్చే కథ మూడు నాలుగేళ్ల పిల్లల్లో కొందరిని భయపెడుతుంది, రాత్రి లేచి అడుగుతారు. వాళ్లకు ఈ ఏడాది తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి గెలిచిన కథ చెప్పండి. ఆరేడేళ్లు వచ్చాక మొత్తం చెప్పవచ్చు.

వాళ్లు అడిగే ప్రశ్నలు

‘మట్టిలోకి దేవుడు ఎప్పుడొచ్చాడు?’ ‘తినకపోతే ఉండ్రాళ్లు ఎందుకు పెట్టాం?’ ‘నీళ్లలో ముంచితే ఊపిరాడదు కదా?’ ఇవి తప్పకుండా వస్తాయి. ముందు ‘నీకేమనిపిస్తోంది?’ అని అడిగి, వాళ్ల జవాబు పూర్తిగా వినండి. తర్వాత మీరు నమ్మేది మాత్రమే చెప్పండి. ఆవాహనం అంటే రమ్మని పిలవడం, ఉద్వాసన అంటే మళ్లీ పంపడం అని చెప్పి, ఉద్వాసన చెప్పేటప్పుడు విగ్రహాన్ని కాస్త కదపడం చూపిస్తే వాళ్లకు అర్థమవుతుంది. మీకే తెలియనిది అడిగితే ‘నాకు తెలియదు, తాతయ్యను అడుగుదాం’ అనండి. భయపెట్టి నోరు మూయించే జవాబు, ‘అలా అడిగితే కళ్లు పోతాయ్’ లాంటిది, పిల్లల్ని దేవుడి గురించి అడగడమే మానేసేలా చేస్తుంది.

చంద్రుడు

చవితి చంద్రుడు సన్నని నెలవంక. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య అస్తమిస్తాడు. శమంతకమణి కథ చెప్పి, అక్షతలు తలమీద వేశాక ఇక నింద భయం లేదని వ్రతకల్పమే చెబుతోంది, కాబట్టి పొరపాటున చూసిన పిల్లల్ని బెదిరించొద్దు. పంచమి నుంచి రోజూ ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి, ఉదాహరణకు ఏడున్నరకు, చంద్రుడిని చూడండి. ఒక పెద్ద కాగితం మీద ఆ కిటికీ, ఎదుటి మేడ గీసి, ఏ రోజు ఎక్కడ, ఎంత ఉన్నాడో పిల్లలనే గుండ్రం గీయమనండి. రోజురోజుకూ తూర్పుకు జరుగుతూ, ముప్పావుగంట అటూ ఇటూగా ఆలస్యంగా అస్తమిస్తాడు. అనంత చతుర్దశికి, అంటే హైదరాబాదులో పెద్ద నిమజ్జనం రోజుకు, పౌర్ణమి ఒక్కరోజే మిగిలి ఉంటుంది. మబ్బు పట్టిన రోజు చోటును ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు. ఆ రోజు ఎక్కడుండి ఉంటాడో వాళ్లే లెక్కేస్తారు.

నిమజ్జనం ఇంట్లోనే

వెడల్పాటి తొట్టిలో విగ్రహం మునిగేంత నీళ్లు పోయండి. అంతకుముందు పూలు, పత్రి, బట్ట, మిరియాలు తీసేయాలి. పూర్తిగా ఎండిన మట్టి నీళ్లలో వేగంగా విడిపోతుంది. లోపల చెమ్మ మిగిలినది మాత్రం గంటల తరబడి ముద్దగానే ఉంటుంది. అందుకే ఆరబెట్టడం గురించి అంత పట్టుదల. పిల్లల్ని తొట్టి పక్కనే కూర్చోబెట్టండి. మునిగిన వెంటనే సన్నని బుడగలు వరసగా పైకి వస్తాయి. మట్టి రేణువుల మధ్య ఉన్న గాలిని తోసుకుంటూ నీళ్లు లోపలికి వెళ్తున్నాయన్నమాట. తర్వాత అంచులు పొరలు పొరలుగా రాలతాయి. రసాయన రంగులూ వార్నిషూ వేసిన విగ్రహంలో ఇది కనబడదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అసలే కరగదు.

కొందరు పిల్లలు గట్టిగా ఏడుస్తారు. చేతులతో చేసినది కరిగిపోతుంటే ఏడవడం సహజం. వెంటనే చాక్లెట్ ఇచ్చి మరిపించొద్దు. మర్నాడు అడుగున పేరుకున్న మట్టిని పైనీళ్లు వంచేసి వాళ్లతోనే తీయించండి.

ఆ మట్టిని ఒక్కదాన్నే కుండీలో నింపితే ఆరాక రాయిలా గట్టిపడి వేరు పీల్చుకోలేదు. మట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి బంతి గింజలో, మెంతులో, తోటకూర గింజలో చల్లండి. విగ్రహం చేసేటప్పుడే లోపల విత్తనం పెట్టడం కొందరి పద్ధతి. తడి మట్టిలో కొన్ని ముందే మొలకెత్తి ఎండిపోతాయి, కొన్ని కుళ్లుతాయి. గరిక మొలిపించాలంటే రెండు కణుపులున్న ముక్కను పూజకు తెచ్చిన దాంట్లోంచే తీసి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా నాటండి.

పత్రిని ఆవులకు వేయకండి. గన్నేరు, ఉమ్మెత్త పశువులకూ విషమే, ఎండినా ఆ విషం పోదు. విషపు ఆకుల్ని విడిగా పాతిపెట్టి, మిగతావి కంపోస్టు గుంతలో వేయండి. ఒక్కో రకం ఆకు ఒకటి పాత వార్తాపత్రికల మధ్య పెట్టి బరువు ఉంచండి. మొదటి వారం రోజూ కాగితం మార్చకపోతే బూజు పడుతుంది. ఎండాక నోటుపుస్తకంలో అతికించి, పక్కన పిల్లలు పెట్టిన పేరు, అసలు పేరు, వినాయకుడి పేరు మూడూ రాయండి.

సంచి, కర్ర, భూతద్దం అటక మీద పెట్టేయొద్దు. తెలంగాణలో ఉన్నవాళ్లకు పౌర్ణమి దాటిన పదిహేను రోజులకే ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు ఎక్కడెక్కడ పూస్తున్నాయో ఇప్పటినుంచే చూసి పెట్టుకోవచ్చు. గునుగు వెన్ను కొస గులాబీరంగుగా, కింది భాగం తెల్లబడి ఉంటుంది. తెల్లబడ్డ చోట అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి, వాటిని ఒక కాగితపు పొట్లంలో కట్టి వచ్చే వానలకు దాచండి. దసరాకు జమ్మి ఆకు కోసం వెళ్లేటప్పుడు, చవితికి ఆ చెట్టును గుర్తుపట్టిన పిల్లనే దారి చూపించమనండి.